పంపు మోత కాదు

ఆ పొద్దున ఇంట్లో గొడవ ఒక డబ్బా మూత దగ్గర మొదలైంది.

ఆ ఇంట్లో స్టీలు డబ్బాలకు లోటు లేదు. చూడ్డానికి అన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి గాని, దేని మూత దానికే పడుతుంది. అత్తగారు ముందురోజు వాటన్నిటినీ తోమి, ఆరబెట్టి, డబ్బాలు ఒక అరలోనూ మూతలు ఇంకో అరలోనూ ముచ్చటగా సర్దిపెట్టారు. కోడలు ఆఫీసుకి అన్నం సర్దుకుంటూ ఒక మూత పెట్టి చూసింది. దిగలేదు. ఇంకొకటి వదులు. మరొకటి పట్టినట్టే పట్టి, సంచీలో పెట్టబోయేసరికి ఊడిపోయి, కూర రసం గట్టంతా ఒలికింది.

"అత్తయ్యా, మూతలు విడదీయొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"విడదీయకపోతే తడి ఆరదు. తడి మీద మూత పెడితే డబ్బా వాసనేస్తుంది."

"ఆరాక దేనిది దానికి పెట్టొచ్చు కదా."

"అన్నీ గుండ్రంగానే ఉన్నాయి కదమ్మా, ఏదో ఒకటి పట్టకపోతుందా అనుకున్నాను."

"ఏదో ఒకటి ఎలా పడుతుంది? చూడకుండా అనేసుకుంటే ఎలా? అందరూ ఇంతే. చూడరు, అనేసుకుంటారు."

ఆ మాటతో పాటు చేతిలోని మూత గట్టు మీద పడి, దొర్లి, కింద పడి, తిరిగి తిరిగి చప్పుడు చేసి ఆగింది.

"అత్త మీద కోపం దుత్త మీద అని సామెత," అన్నారు అత్తగారు గట్టు తుడుస్తూ. "మా కోడలు చదువుకుంది కదా, ఇంకెవరి మీదో వచ్చిన కోపం అత్త మీదా దుత్త మీదా సమానంగా పంచుతోంది."

టీ తాగుతున్న మరిదికి పొలమారింది. అతను కొండకింద తవ్వుతున్న రైలు సొరంగంలో డ్రిల్లింగు గ్యాంగుకి సూపర్‌వైజరు. ఇంటికి చిన్నవాడు కాబట్టి ముప్పై దాటినా ఇంట్లో చిన్నోడే. దగ్గు ఆగాక, "నిజం చెప్పు వదినా, ఎవరి మీద?" అన్నాడు.

"నీ మీదే. ఆ గ్లాసు కడిగి పెట్టు."

"కడుగుతాను గాని, మీ కాగితం ఎప్పుడొస్తుంది? వారం నుంచి మిషన్ పక్కన కూర్చుని ఈగలు తోలుతున్నాం. మా కుర్రాళ్లు పేకముక్కలు కూడా అరగదీశారు. ముందుకి రాయి గట్టిదో కాదో మీ ఇన్‌స్టిట్యూటు చెప్పాలంట. కొండని ఇంతసేపు చూడాలా? పెళ్లిచూపులు కూడా పూటలో అయిపోతాయి."

"పెళ్లిచూపుల్లో పొరబాటు పడితే ఇద్దరే కదా మునిగేది," అంది ఆమె. అని, ఇంకేమీ చెప్పకుండా పట్టని మూతే పెట్టి, డబ్బాకి ఒక గుడ్డ చుట్టి సంచీలో పెట్టుకుంది.

లోపల గడ్డం గీసుకుంటున్న భర్త అద్దంలోంచే ఇదంతా చూస్తున్నాడు. అతనిది కళ్లజోళ్ల దుకాణం. పదిమందికి చూపు అమరుస్తాడు గాని, ఇంట్లో గొడవ జరిగినప్పుడు అతనికి ఏమీ కనిపించదని అత్తగారి ఫిర్యాదు. ఆ రోజూ కనిపించలేదు.

కోపం ఎవరి మీదో ఆమెకు బాగా తెలుసు. ముందురోజు సాయంత్రం డైరెక్టరు ఆమె బల్ల మీద ఒక రిపోర్టు పెట్టి వెళ్లారు. సొరంగం కొసకి అవతల రాయి గట్టిగా ఉంది, తవ్వకం సాగించవచ్చు, అని దాని సారాంశం. కింద ఆమె సంతకానికి చోటు వదిలారు.

*

ఆమెకు ఇన్‌స్టిట్యూటులో ఒక పేరుంది, తడిరాళ్లావిడ. ఎదురుగా ఎవరూ అనరు గాని ఆమెకు తెలుసు. తెలిసినా నొచ్చుకోలేదు. ఆమె ఇన్నేళ్లూ చేసిన పని అదే.

రాయిని సుత్తితో కొడితే ఆ దెబ్బ అలగా మారి రాయి గుండా దూసుకుపోతుంది. పోతూ పోతూ దేనికైనా తగిలితే కొంత వెనక్కి వస్తుంది. గోడకి బిగించిన చిన్న చిన్న చెవుల్లాంటి పరికరాలు ఆ తిరిగొచ్చినదాన్ని విని రాసిపెడతాయి. లోపల ఏముందో దాన్ని బట్టి లెక్క వేస్తారు. ఇది అందరికీ తెలిసిన సంగతే. ఆమె పట్టుకుని కూర్చున్నది ఇంకొకటి. రాతిలో పగులు ఉండి, ఆ పగులు నిండా నీళ్లుంటే, దెబ్బలో కొంత ఆ నీళ్లలో చిక్కుకుపోతుంది. రెండు రాతిగోడల మధ్య సన్నటి నీటిపొర వెంట, గోడల్ని వెంట్రుకవాసి ఎడంగా నెట్టుకుంటూ, నత్తలా పాకుతుంది. కొసదాకా వెళ్లి, దారి లేక వెనక్కి తిరుగుతుంది. మళ్లీ ఈ కొసకి వస్తుంది. అలా అటూ ఇటూ తిరుగుతున్నంతసేపూ రాయి మూలుగుతుంది. మనిషి చెవికి అందనంత కింది స్వరంలో మూలుగుతుంది. పగులు ఎంత పెద్దదైతే మూలుగు అంత కిందికి దిగుతుంది.

ప్రయోగశాలలో ఆమె రెండు నల్లరాతి పలకల్ని కాగితమంత సందుతో బిగించి, సందులో నీళ్లు నింపి, ఆ మూలుగుని పట్టుకుంది. నీళ్లు తీసేస్తే రాయి నోరు మూసుకునేది. నింపితే మళ్లీ మొదలు. ఇన్‌స్టిట్యూటుకి ఎవరు వచ్చినా డైరెక్టరు ముందు ఆ పలకల దగ్గరికే తీసుకొచ్చేవారు. "మా అమ్మాయి రాయిచేత మాట్లాడిస్తుంది," అనేవారు. వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకునేవారు.

అలాంటి మూలుగు ఈ సొరంగం రికార్డుల్లో ఆమెకు కనిపించింది. కాని మామూలుగా అయితే కనిపించకూడదు. ఎందుకంటే ఇన్‌స్టిట్యూటులో ఒక ఆచారం ఉంది. ఏ సొరంగం నుంచి రికార్డు వచ్చినా ముందు దాన్ని 'శుభ్రం' చేస్తారు. సొరంగాల్లో ఊటనీరు తోడే పంపులు ఎప్పుడూ గుయ్యిమంటుంటాయి. ఆ మోత రికార్డుల్లో కింది స్వరాల్లోకి చేరుతుంది. అందుకని కింది స్వరాలన్నిటినీ ఒక గీత గీసి కోసిపారేస్తారు. మిగిలినదాని మీదే లెక్క. డైరెక్టరు కుర్రవాడిగా ఉన్నప్పుడు పెట్టిన పద్ధతి అది. కొత్తగా చేరినవాళ్లకు మంచినీళ్ల కుండ ఎక్కడుందో చెప్పాక తరువాత చెప్పేది అదే. ఆమె మాత్రం ఈసారి కోయకముందే రికార్డు తెరిచి చూసింది.

ఆ పొద్దున డైరెక్టరు గదిలో అదే చూపించింది.

"సంతకానికి ఇంత ఆలోచన దేనికమ్మా?" అన్నారు ఆయన. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగా ఉంటుంది. ఆడవాళ్లందరినీ అమ్మా అంటారు. ఆయన చెడ్డవాడైతే ఆమెకు పని సులువయ్యేది.

"సంతకం పెట్టను సర్. ఈ లెక్క కింది స్వరాలు కోశాక వేసింది."

"అన్ని సొరంగాలకీ అలాగే వేశాం కదా."

"వేశాం. పంపు మోత తీసేయాలని కోశాం. కాని ఇది పంపు మోత కాదు సర్. ఇదిగో, సుత్తి దెబ్బ ఇక్కడ పడింది. దెబ్బకు ముందు ఈ మోత లేదు. దెబ్బ పడ్డాక పుట్టింది, పెరిగింది, నెమ్మదిగా చచ్చిపోయింది. తరవాతి దెబ్బకీ అంతే. ప్రతి దెబ్బకీ అంతే. పంపయితే ఎప్పుడూ మోగుతూనే ఉండాలి. మనం ఎప్పుడు కొడతామో పంపుకేం తెలుసు?"

డైరెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పంపుకి తెలియదు. పైపుకి తెలుస్తుంది. పైపుని గోడకే బిగించారు. నిండా నీళ్లు. గోడను కొడితే పైపు మోగదా?"

మంచి ప్రశ్నే. అది ఆమెకు ముందే తట్టింది. "అందుకే పంపు ఆపించి, పైపు ఖాళీ చేసి ఒక్కసారి కొట్టి చూద్దామంటున్నాను. మోత పోతే పైపుదే. నేనే సంతకం పెడతాను. పోకపోతే అవతల నీళ్లున్న పెద్ద పగులుంది. దాన్ని తెలియక తవ్వితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా మనుషుల మీదికి వస్తాయి. ముందు సన్నగా ఒక రంధ్రం వేసి నీళ్లు వదిలేసి, సిమెంటు నింపి, ఆ తరవాత తవ్వుకోమని రాద్దాం. అంతే కదా సర్."

"అంతే అంటే నెలలు. కాంట్రాక్టరు ఇప్పటికే మంత్రిగారి పేరు చెబుతున్నాడు." ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "మీ పరిశోధన గొప్పదమ్మా, నేను కాదనను. మీ పలకల మధ్య నీళ్లు మోగుతాయి. కాని కొండ ప్రయోగశాల కాదు."

వచ్చినవాళ్ల ముందు చప్పట్లు కొట్టించుకోవడానికి పనికొచ్చిన రాయి, మనుషులు లోపలికి వెళ్లేచోట పనికిరాకుండా పోయింది. పత్రికల అట్టల మీద అచ్చేస్తే విజ్ఞానం, సొరంగంలో వినిపిస్తే పైపు మోత.

"ఈ రిపోర్టు నా బల్ల మీదే ఉంటుంది సర్," అని లేచి వచ్చేసింది.

*

పంపు ఆపించడం తన చేతిలో లేదు. కాని మరిది కబుర్లు చెప్పే మనిషి. అన్నం తింటూ ఏదో ఒకటి వాగుతుంటాడు. పంపు నోటికి పెట్టిన జల్లెడకి మధ్యాహ్నానికి బురద పట్టేస్తుందనీ, అన్నాల వేళ పంపు ఆపి, జల్లెడ విప్పి కడుగుతారనీ, అప్పుడు పైపులో నీళ్లన్నీ వెనక్కి జారి మెకానిక్కు ప్యాంటు తడుస్తుందనీ, అది చూసి అందరూ నవ్వుతారనీ ఒకసారి చెప్పాడు. అప్పుడు ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చి, పరికరాల పెట్టె జీపులో పెట్టించుకుని సొరంగానికి వెళ్లింది.

లోపల గాలి తడిగా, ఇనుము వాసనతో ఉంది. గోడ పొడవునా పైపు, పైపు పొడవునా దీపాలు. కొస దగ్గర గ్యాంగు చెక్కల మీద వరసగా కూర్చుని డబ్బాలు విప్పుతోంది. మరిది ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"మేడమ్‌గారికి దారి వదలండి," అన్నాడు ఎగతాళిగా.

"మేడమేంట్రా, మీ వదిన కదా," అన్నాడు గ్యాంగులో పెద్దవాడు. "రండి వదినా, ఇటు కూర్చోండి. ఇక్కడ చుక్కలు పడవు." ఆ తరవాత అక్కడున్న ప్రతివాడికీ ఆమె వదినే అయింది. ఒకడు హెల్మెట్ ఇచ్చాడు. ఒకడు పెట్టె మోశాడు. గోడకి చెవులు బిగించుకుంటుంటే, "కొండకి గుండె పరీక్షా వదినా?" అన్నాడు ఇంకొకడు.

"అవును. ఊపిరి బిగబట్టండి."

అందరూ నిజంగానే నమలడం ఆపారు. మెకానిక్కు పంపు ఆపి జల్లెడ విప్పాడు. పైపులో నీళ్లు బడబడమని జారిపోయాయి. ఈసారి అతని ప్యాంటు చూసి ఎవరూ నవ్వలేదు. సొరంగంలో చుక్కలు పడే చప్పుడు తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఆమె సైగ చేయగానే మరిది సమ్మెట ఎత్తి గోడ మీది ఇనపపలక మీద కొట్టాడు. ఆగి మళ్లీ కొట్టాడు. ఇంకోచోట కొట్టమంటే అక్కడా కొట్టాడు.

పెట్టె తెర మీద గీత ఒకసారి ఎగిరి, సర్దుకుని, తరవాత నెమ్మదిగా పెద్ద పెద్ద అలలుగా లేవడం మొదలుపెట్టింది. పంపు లేదు. పైపులో నీళ్లు లేవు. అయినా లేచింది. పొద్దున చూసినదానికన్నా తేటగా ఉంది, అంతే తేడా. ఆమె ప్రయోగశాలలో పలకల మధ్య ఎన్నోసార్లు చూసిన ఆకారమే అది. కాకపోతే ఆ పలకలు చేతుల్లో పట్టేవి. ఈ గీతని బట్టి లెక్కవేస్తే, గోడ అవతల నిలబడి ఉన్న నీటిపొర వాళ్లుండే వీధికన్నా పొడవు.

తాను అనుకున్నది నిజమని తేలితే సంతోషం కలుగుతుందని ఆమె అనుకునేది. కలగలేదు. వెనక గ్యాంగు మళ్లీ నమలడం మొదలుపెట్టింది.

"కొండ ఏమంటోంది వదినా?" అని అడిగాడు పెద్దవాడు.

"చెప్తాను," అంది. ముందు సైటు మేనేజరుకి చెప్పాలి. ఆయన ఒక్క మాట అంటే చాలు, పని ఆగుతుంది. అదే పద్ధతి అనుకుంది.

సైటు మేనేజరు రేకుల గదిలో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. ఆమె పెట్టె తెరవబోతుంటే చేత్తో వారించాడు. "ఇంకా కొలతలెందుకు మేడమ్? మీ రిపోర్టు పొద్దునే వచ్చేసింది కదా."

"నేను సంతకం పెట్టలేదే."

"సంతకం డైరెక్టరుగారిది. విశ్లేషణ అని మీ పేరుంది." అతను తెర ఇటు తిప్పాడు. ఉంది. పేరు, ముందు డాక్టరు అనే బిరుదు, అక్షరం పొల్లుపోకుండా ఉంది.

ఆమె పెట్టె తెరిచింది. అంతా చెప్పింది. పంపు ఆగాక ఏం కనిపించిందో చూపించింది. సన్న రంధ్రం ఒక్కటి వేసి చూడమంది. అతను ఓపిగ్గానే విన్నాడు.

"మేడమ్, నాకు ఈ గీతలు అర్థం కావు. మీ ఇన్‌స్టిట్యూటు ముద్ర అర్థమవుతుంది. కాగితం మీద మీరొకటి చెప్పి, నోటితో ఇంకొకటి చెబితే నేను దేన్ని పట్టుకోవాలి? ముద్ర పడ్డ కాగితం మార్చి తీసుకురండి, రేపే ఆపేస్తాను. లేకపోతే రేపు పొద్దుటి షిఫ్టు లోపలికి వెళ్తుంది."

*

డైరెక్టరు ఈసారి కూర్చోమనలేదు. ఆమె కూర్చోనూలేదు.

"నా పేరు ఎలా పెట్టారు సర్?"

"పని చేసింది మీరేగా. పేరు పెట్టకపోతే అది అన్యాయం అనేవారు."

"నేను చేసిన లెక్క మీరు పెట్టలేదు. నేను కాదన్న లెక్కకి నా పేరు పెట్టారు." పెట్టె బల్ల మీద పెట్టి తెరిచింది. "పంపు విప్పేశారు. పైపు ఖాళీ. అయినా మోగింది. పైపుకి తెలుస్తుందన్నారు కదా, ఇప్పుడు చెప్పండి, ఎవరికి తెలిసింది?"

ఆయన చాలాసేపు తెర వంక చూశారు. ఆయనకు అర్థమైంది. అర్థం కానివాడైతే ఆ కుర్చీలోకి వచ్చేవాడు కాదు. ఆయన మొహంలో రంగు తగ్గడం ఆమె కళ్లారా చూసింది. ఆ క్షణంలో ఆయన ఫోను అందుకుంటారనుకుంది.

ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"అమ్మా, మీరు ఒక్క సొరంగం గురించి ఆలోచిస్తున్నారు. ఇది పగులు మోత అని రాతపూర్వకంగా ఒప్పుకున్నామనుకోండి. ఇన్నాళ్లూ మనం కోసిపారేసిన కింది స్వరాల్లో ఏమున్నాయని అడుగుతారు. ఇచ్చిన రిపోర్టులన్నీ మళ్లీ తెరవమంటారు. ఆ సొరంగాల్లో రైళ్లు తిరుగుతున్నాయి. ఇన్‌స్టిట్యూటు ఉండదు. మీ ప్రయోగశాలా ఉండదు, మీ పలకలూ ఉండవు."

"తెరవమంటే తెరుద్దాం సర్. తెరవాల్సిందే కదా."

"ఈ ఒక్కటీ పోనివ్వండి. నీళ్లు వస్తే తోడుకుంటారు, పంపులున్నాయి. వచ్చే ఏడాది నుంచి మీ పద్ధతే పెడదాం. నేనే ప్రకటిస్తాను. మీ పేరు మీద."

ఆమె పెట్టె మూసింది. కోపం వస్తే అరుస్తారని అందరూ అనుకుంటారు. ఆమె అరవలేదు. ఇరవయ్యేళ్లుగా ఈయన్ని గురువుగారు అనుకుంది. తప్పు తెలియక చేశారనుకున్నంతసేపూ ఈయన మీద వచ్చింది అసలు కోపం కాదు, ఉత్త విసుగు. తెలిశాక కూడా చేయమంటున్నారు. దానికి జీతం పెంచినట్టు తన పేరు తాయిలంగా పెడుతున్నారు.

"నీళ్లు వస్తే తోడుకుంటారన్నారు కదా," అంది తలుపు దగ్గర ఆగి. "లోపల ఉన్నవాళ్లను దేంతో తోడతారు సర్?"

తన గదికి వెళ్లి, ఆ రిపోర్టులోంచి తన పేరు ఉపసంహరించుకుంటున్నాననీ, కారణం ఇదనీ రాసి, పంపు ఆగిన రికార్డు జతచేసి, డైరెక్టరుకీ మేనేజరుకీ ప్రభుత్వ తనిఖీ అధికారికీ పంపింది. అధికారి ఆఫీసుకి ఫోన్ చేస్తే, దొరగారు పర్యటనలో ఉన్నారనీ, రాగానే చూస్తారనీ గుమాస్తా చెప్పాడు. ఎప్పుడొస్తారంటే, వచ్చాక తెలుస్తుందన్నాడు. మేనేజరు ఫోను ఎత్తలేదు.

*

చీకటిపడ్డాక మరిది ఇంటికొచ్చాడు. ఈలవేస్తూ వచ్చాడు. అమ్మ చేతిలోంచి గిన్నె లాక్కుని తనే వడ్డనకి దిగాడు.

"ఈగలకి సెలవు," అన్నాడు అన్నయ్యకి అన్నం పెడుతూ. "రేపు పొద్దుటి షిఫ్టు మాదే. పనిలేకపోతే ఒళ్లు తుప్పుపడుతుంది అన్నయ్యా, నీకు తెలీదు. నువ్వు ఎప్పుడూ కూర్చునే చేస్తావు."

"నాది కూర్చుని చేసే పనే. నువ్వు కూడా వారం నుంచి అదే చేశావు కదా," అన్నాడు భర్త.

అత్తగారు కోడలి వంక చూశారు. కంచంలో అన్నం అలాగే ఉంది. "పొద్దున మూతల సంగతి ఇంకా పోలేదా ఏంటి? అన్నీ దేనికది పెట్టేశానమ్మా."

"అది కాదు అత్తయ్యా." ఆమె మరిది వంక తిరిగింది. "నువ్వు ఇవాళ గోడ మీద కొట్టినప్పుడు పంపు విప్పి ఉంది కదా."

"ఉంది."

"పైపులో నీళ్లు?"

"లేవు. ఏంటి వదినా, కోర్టులో అడిగినట్టు అడుగుతున్నావు?"

ఆమె ఫోను తీసి బల్ల మీద పెట్టింది. చెవికి అందని ఆ స్వరాన్ని వేగం పెంచి, వినపడేలా చేసి తెచ్చింది. సుత్తి దెబ్బ టక్కుమంది. దాని వెనక లోతుగా, మెల్లగా ఒక మోత లేచి, గదిలో కాసేపు నిలిచి, పోయింది. మళ్లీ దెబ్బ. మళ్లీ అదే.

"ఎవరో పెద్ద గంగాళాన్ని గుడ్డలో చుట్టి కొట్టినట్టుంది," అన్నారు అత్తగారు.

"అది నీళ్లు అత్తయ్యా. వీళ్లు రేపు తవ్వబోయే గోడకి అవతల, రాతి పగుల్లో నిలబడి ఉన్న నీళ్లు. మన వీధికన్నా పొడవుంది. డ్రిల్లు దానికి తగిలితే వీళ్లకి పరిగెత్తే వ్యవధి కూడా ఉండదు."

మరిది చేతిలో గరిటె కంచం మీద ఆగిపోయింది. అంతలోనే మొహం ఎర్రబడింది. "మరి రాయి గట్టిదని రాసింది ఎవరు? నీ పేరే కదా ఉంది. మేనేజరు సాయంత్రం అందర్నీ నిలబెట్టి చదివాడు. ఇద్దరు ముగ్గురు ఇంకా జంకుతుంటే, మీ సూపర్‌వైజరు సొంత వదినే చూసి రాసిందిరా, మరిదిని చంపుకుంటుందా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వదిన చూసిందంటే ఇంక భయం లేదని నేనే చెప్పాను వాళ్లకి."

ఆమె మనసులో వేళలు సరిచూసుకుంది. సాయంత్రమంటే తన పేరు తీసేయమని పంపిన తరవాత. ఆ మేనేజరు దాన్ని చదివే ఉంటాడు. చదివి, ముద్ర లేదు కాబట్టి పక్కన పెట్టి, ఆ పేరుతోనే వాళ్లకి ధైర్యం చెప్పాడు. చుక్కలు పడని చోటు చూసి తనని కూర్చోబెట్టిన మనుషులకి. కొండ ఏమంటోందని అడిగినవాడికి చెప్తానని చెప్పి, చెప్పకుండా పెద్దమనిషి తరహాగా మేనేజరు గదికి వెళ్లినందుకు ఆమెకు తన మీద కూడా ఒళ్లు మండింది.

జరిగిందంతా చెప్పింది. డైరెక్టరు తలుపు వేసి అన్న మాటలతో సహా చెప్పింది.

"నువ్వు రాయాల్సింది రాశావు కదా," అన్నాడు భర్త నెమ్మదిగా. "పై అధికారి వచ్చి చూస్తాడు. పద్ధతి ప్రకారం పోతే నీ ఉద్యోగానికీ..."

"అధికారి పర్యటనలో ఉన్నాడు. షిఫ్టు రేపు పొద్దున ఉంది. పద్ధతి అంటే ఏంటండీ? చూడకుండా కోసేయడం ఒక పద్ధతి, ముద్ర లేదని వినకపోవడం ఇంకో పద్ధతి. ఈ పద్ధతులన్నీ కలిసి మీ తమ్ముణ్ని లోపలికి పంపుతున్నాయి."

భర్త అన్నం ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాడు.

"నేను ఒక్కణ్నే మానేస్తే?" అన్నాడు మరిది.

"నువ్వు మానేస్తే నీ బదులు ఇంకొకణ్ని పంపుతారు. వాడికీ ఒక వదిన ఉంటుంది." ఆమె కంచం పక్కకి జరిపింది. గొంతు పెంచలేదు. "వినండి, ముగ్గురికీ ఒకేసారి చెబుతున్నాను. రేపు పొద్దున నేను సొరంగానికి వెళ్తున్నాను. షిఫ్టు గేటు దగ్గర నిలబడి, ఆ రిపోర్టు అబద్ధమని, దాని మీద నా పేరు దొంగతనంగా పెట్టారని చెబుతాను. ఇవాళ పంపు ఆపి నువ్వు కొట్టిన దెబ్బ ప్రతివాడికీ వినిపిస్తాను. దాంతో ఉద్యోగం పోతుంది. అది నాకు తెలుసు, ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్లు నా పేరుని నమ్ముకుని లోపలికి వెళ్తున్నారు. ఆ పేరుతోనే బయట ఆపుతాను."

అత్తగారు లేచారు. వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి కోడలి ముందు పెట్టి, పక్కనే కూర్చున్నారు.

మరిది గరిటె కింద పెట్టాడు. అతని కోపం ఇంకా దిగలేదు, మొహం ఇంకా అలాగే ఉంది. అది మాత్రం ఇప్పుడు వదిన మీద కాదు.

"గేటు దగ్గర వద్దు వదినా," అన్నాడు. "అక్కడ మేనేజరు మనుషులుంటారు, నిన్ను నోరు తెరవనివ్వరు. లోపలికి వెళ్లేముందు అందరం బూట్ల గదిలో ఉంటాం. అక్కడికి నేను తీసుకెళ్తాను."